రేగడి పెరట్లో ఒక్కరోజు పువ్వు

కోవిల్‌పట్టి, విరుదునగర్ ఇళ్లలో డే లిల్లీ నిలుస్తుందా? నిలిస్తే ఏ రకం? దాని పక్కన ఏం నాటాలి?

సాత్తూరు దగ్గర వైప్పారు దాటితే అటు విరుదునగర్, ఇటు కోవిల్‌పట్టి. దారి పొడుగునా నల్లరేగడి. ఇక్కడ దాన్ని కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్లు, రెడ్లు కూడా వీధిలోకి వచ్చాక ఆ మాటే వాడతారు. పత్తి, సజ్జ, మినుము, మిరప, సునాముఖి ఈ నేల ఎరిగిన పంటలు. చిత్తిరై (ఏప్రిల్-మే) ఎండలకు నేల పర్రెలు విచ్చి, కొన్నిచోట్ల చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానలకు అదే నేల కాలి చెప్పును ఊడబెరుకుతుంది. ఇలాంటి చోట ఏళ్ల తరబడి ఉండే పూలమొక్క అంటే మల్లె, కనకాంబరం, నందివర్ధనం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈమధ్య ఫోన్లో ఫొటోలు చూసి డే లిల్లీ కావాలని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే రంగు చూసి అడుగుతున్నారు. ఈ నేలలో మొక్కను ఎంచేటప్పుడు రేకు సంగతి తర్వాత, ముందు మట్టికింద ఏముందో చూడాలన్నది నా వాదన. వేరులోనో గడ్డలోనో నీళ్లు దాచుకోవడం తెలిసిన మొక్కే ఇక్కడ రెండో వేసవి చూస్తుంది.

ఈ ప్రాంతంలో తెలుగేమిటని ఆశ్చర్యపోయే పాఠకుల కోసం ఒక మాట. విజయనగర, నాయక రాజుల కాలాల్లో ఉత్తరాన్నుంచి వచ్చి ఈ మెట్ట నేలల్లో పాదుకున్న కుటుంబాలవి. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగే. రాసింది మాత్రం తమిళంలో. అలా వలస వచ్చినవాళ్లు అడవి నరికి ఊరు కట్టుకున్న కథనే ఆయన ‘గోపల్ల గ్రామం’గా మలిచారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. కరిసల్ మాటలకు ఒక నిఘంటువు కూడా కూర్చిన ఆయన 2021లో కన్నుమూశారు. ఈ నేలలో నీటిచుక్క విలువ తెలియాలంటే వ్యవసాయ పుస్తకాలకన్నా ముందు ఆయన్ని చదవమంటాను.

పువ్వుకు ఒక పగలు

డే లిల్లీ అసలు లిల్లీ జాతిది కాదు. లిల్లీకి పొరలు పొరలుగా గడ్డ ఉంటుంది. దీనికి గడ్డ ఉండదు, లావుపాటి వేర్లుంటాయి. అవి అక్కడక్కడా వేలిలావున ఉబ్బి నీటినీ పిండిపదార్థాన్నీ దాచుకుంటాయి. వేసవిలో ఆకు సగం ఎండినా మొక్క చావకపోవడానికి ఆ ఉబ్బులే కారణం.

పూకాడ మీద పది నుంచి ముప్పై దాకా మొగ్గలుంటాయి. సాయంత్రం పూట దగ్గరికెళ్లి చూస్తే రేపు విచ్చేది ఏదో తెలిసిపోతుంది. తక్కినవన్నీ ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే అదొక్కటే ఉబ్బి, రంగు తిరిగి, కొన దగ్గర పట్టు సడలి ఉంటుంది. తెల్లవారేసరికి ఆరు రేకులు వెనక్కి వంగుతాయి. మూడు వెడల్పువి, మూడు సన్నవి. లోపల ఆరు కేసరాలు, వాటిని దాటి బయటికొచ్చే కీలం ఒకటి. గొంతు దగ్గర పసుపో ఆకుపచ్చో వేరే రంగు. మిట్టమధ్యాహ్నం దాటాక ముదురు ఎరుపు, ఊదా పువ్వుల అంచులు మన ఎండకు వాడిపోతాయి. లేత పసుపు, మీగడరంగు రకాలు సాయంత్రం దాకా నిలుస్తాయి. చీకటి పడితే ముడుచుకుంటుంది. మర్నాటికి తడిసిన పాత రుమాలులా కాడను అంటుకుని వేలాడుతుంది. దాన్ని గిల్లెయ్యాలి. వదిలేస్తే పక్క మొగ్గకు అతుక్కుని దాన్ని సరిగా విచ్చుకోనివ్వదు. పొద్దున ముగ్గు పెట్టొచ్చి చెయ్యి కడుక్కునేలోపు అయిపోయే పని.

ఒక్కరోజుకే రాలిపోయే పువ్వు ఎందుకని కొందరు పెదవి విరుస్తారు. పొద్దున కోసిన మల్లె సాయంత్రానికి జడలో నలిగిపోతుందని ఎవరైనా మల్లెతీగ పీకేశారా? కాడలో వరసగా ఇన్ని మొగ్గలున్నాక ఒక పువ్వు పోయిన లోటు తెలియదు.

పేర్లు వేలల్లో, మనకు పనికొచ్చేవి గుప్పెడు

దీని సొంత ఊరు తూర్పు ఆసియా. చైనాలో మొగ్గలను ఎండబెట్టి కూరల్లో, పులుసుల్లో వేస్తారు. నారింజరంగు ఫుల్వా జాతి, పసుపు జాతి 16వ శతాబ్దానికే యూరప్ తోటలకు చేరాయి. 1753లో లిన్నేయస్ ఈ ప్రజాతికి హెమెరోకాలిస్ అని పేరుపెట్టాడు. తర్వాత చాలాకాలం అది ఆ రెండు రంగులు దాటని మొక్కే. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఆర్లో బర్డెట్ స్టౌట్ అనే శాస్త్రవేత్త ఏళ్లపాటు సంకరాలు చేసి ఎరుపు, గులాబి వైపు దారి తెరిచాడు. 1934లో డే లిల్లీల మీద పుస్తకం అచ్చువేశాడు. అమెరికాలో 1946లో పుట్టిన డే లిల్లీ సంఘం తన అత్యున్నత పతకానికి ఆయన పేరే పెట్టింది. ఇవాళ నమోదైన రకాలు 90 వేలు దాటాయి.

ఈ వేలల్లోంచి కరిసల్ పెరటికి ఏరుకోవడం ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. చలికాలంలో ఆ మొక్క ఏం చేస్తుంది? కొన్ని రకాలు ఆకు రాల్చి నేలలోకి ముడుచుకుంటాయి. వాటికి గట్టి చలి పడాలి. కొన్ని ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. మూడోరకం ఈ రెంటికీ మధ్యది. కోవిల్‌పట్టిలో మార్గళి (డిసెంబర్-జనవరి) నెల తెల్లవారుజామున కూడా స్వెట్టర్ అవసరం రాదు. కాబట్టి మొదటిరకం ఇక్కడ నిద్రపోలేక, మేలుకోలేక, ఏటేటా చిక్కిపోతుంది. నిత్యం పచ్చగా ఉండేవే మనవి. మధ్యరకంతో ప్రయత్నించవచ్చు.

ఈ లెక్కన లోకమంతా మెచ్చిన స్టెల్లా డి ఓరోను పక్కన పెట్టాలి. ఇండియానాకు చెందిన వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975లో తెచ్చిన రకమిది. పదకొండు అంగుళాల పొట్టి కాడ, పసిడిరంగు చిన్న పువ్వు, ఒక విడత అయ్యాక మళ్లీ మళ్లీ పూసే గుణం. 1985లో స్టౌట్ పతకం అందుకుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇంటిముందు ఫొటో దిగి పంపితే వెనక కనిపించే పసుపు గుబురు చాలాసార్లు ఇదే. అక్కడ మంచు కింద హాయిగా నిద్రపోతుంది. ఇక్కడికి తెస్తే దాని స్వభావానికి విరుద్ధం. దాని సంతానమైన హ్యాపీ రిటర్న్స్, 1955 నాటి రెండురంగుల ఫ్రాన్స్ హాల్స్, పరిమళానికి పేరుపడ్డ 1920ల నాటి హైపీరియన్ కూడా ఆ చలి తరగతివే. హైపీరియన్ వాసన గురించి చదివి ఆశపడేవాళ్లను ఆపడం కష్టం. ఆ ముచ్చట కొడైకెనాల్‌లో ఇల్లున్నవాళ్లు తీర్చుకోవాలి.

మనకు సరిపడేవాటిలో నా మొదటి ఓటు జోన్ సీనియర్‌కు. లూసియానాలో కెనెత్ డ్యూరియో 1977లో నమోదు చేసిన రకం. తెలుపుకు అతి దగ్గరి రంగు, గొంతులో పసుపు కలిసిన ఆకుపచ్చ, ఆరంగుళాల పువ్వు, రెండడుగుల కాడ. ఉక్కపోత ఉన్న రాష్ట్రంలో పుట్టింది, చలికాలంలోనూ ఆకు పచ్చగా ఉంటుంది, లేతరంగు కాబట్టి ఎండకు తొందరగా వాడదు. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో మన్సన్ కుటుంబం పెంచిన రకాలూ ఈ కోవలోవే. వాటిలో 1988 నాటి ఐడాస్ మ్యాజిక్ పువ్వు బంగారు అంచుతో ఉంటుంది. 2001లో స్టౌట్ పతకం తెచ్చుకుంది. దీనికి మధ్యాహ్నం నీడ తప్పనిసరి. తూర్పు గోడవారన పెడితే సరి. మధ్యరకంలో నిండుపసుపు మేరీ టాడ్ 1967 నాటిది, గట్టిపిండం. మీగడరంగు మీద నల్లూదా కన్ను ఉన్న మూన్‌లిట్ మాస్క్వెరేడ్ చూడ్డానికి మహా అందం. అయితే ఆ ముదురు కన్నును మన మే నెల ఎండ ఊరికే వదలదు.

నిత్యం పచ్చగా ఉండే రకాలకు ఒక బలహీనత ఉంది. డే లిల్లీకి తుప్పుతెగులు పట్టుకుంటే ఆకు అడుగున నారింజరంగు పొడి వేలికి అంటుతుంది. అమెరికాలో ఇది 2000లో కనిపించి చూస్తుండగానే రాష్ట్రాలు చుట్టేసింది. ఆకు రాల్చే రకాలకు శీతాకాలంలో ఈ పీడ వదులుతుంది. ఎప్పుడూ పచ్చగా ఉన్న ఆకు మీద మాత్రం ఏడాదంతా బతికేస్తుంది. అలాంటి ఆకు కనబడితే నేలమట్టానికి కోసి దూరంగా కాల్చెయ్యాలి. వేరు బతికే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. ఇంకో జాగ్రత్త పిల్లి పెంచేవాళ్లకు. అసలు లిల్లీలూ డే లిల్లీలూ పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆకు కొరికినా ప్రమాదమే.

రేగడితో బేరం

కరిసల్ బంకమట్టి నీరు తాగి ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. ఉబ్బినప్పుడు వేరుకు గాలాడదు, కుదించుకున్నప్పుడు వేరు తెగుతుంది. పైగా సున్నం పాలు ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకుల ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా కనిపిస్తే అదే సంగతి. దానికి పేడ ఎరువు మీద పేడ ఎరువు గుమ్మరించడం కన్నా, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లడం మేలు. బోరునీళ్లు ఉప్పగా ఉన్న వీధుల్లో వాననీటిని డ్రమ్ములో పట్టుకుని ఈ మొక్కలకు దాచడం ఇంకా మేలు.

గుంట తవ్వి నాటడం రేగడిలో పనికిరాదు. వాన పడితే ఆ గుంట చిన్న చెరువవుతుంది, వేరు కుళ్లుతుంది. అడుగు ఎత్తున మడి కట్టుకోవాలి. ఎర్రమట్టి సగం, మాగిన పశువుల ఎరువు పావు, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి పావు. మొక్క మొదలు అంగుళం లోతుకు మించి పూడ్చకూడదు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం. మడి లేని మిద్దె ఇళ్లలో పన్నెండు అంగుళాల కుండీ చాలు. ఈ పద్ధతి మన గుంటూరు, ప్రకాశం, కర్నూలు రేగడి ఊళ్లకూ వర్తిస్తుంది.

ఎప్పుడు నాటాలన్నదానికి కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి ఒక పాఠం అరువు తెచ్చుకోవచ్చు. 1901లో మొదలైన ఆ కేంద్రం పూలమొక్కలది కాదు. పత్తి, జొన్న, పప్పుధాన్యాల్లాంటి మెట్టపైర్లది. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కాస్త అటూ ఇటూగా కురిసే ఈ చోట, అందులో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. అందుకే వాన రాకముందే పొడిమట్టిలో విత్తి, మొదటి వాననే మొలకకు వాడుకొమ్మంటారు. వాన పడ్డాక దిగబడే రేగడిలో నాగలి నడవదు మరి. పెరట్లోనూ అంతే. గడ్డలున్న మొక్కలు పురట్టాసిలో (సెప్టెంబర్-అక్టోబర్) పొడిమట్టిలో పెట్టేయాలి. డే లిల్లీ పిలకలు మాత్రం పొడిమట్టిలో అంతకాలం ఆగలేవు, వాటిని ఐప్పసి మొదటి వాన తర్వాత నాటాలి.

పక్కింటి చుట్టాలు

ఒక్క డే లిల్లీతో పెరడు నిండదు. నిండాల్సిన అవసరమూ లేదు. దానికన్నా ఈ నేలకు ఎక్కువ అలవాటుపడ్డవి కొన్ని ఇప్పటికే ఇళ్లలో ఉన్నాయి, పేరు అడిగేవాళ్లు లేక. రెయిన్ లిల్లీ అందులో మొదటిది. అమెరికా ఖండాల నుంచి వచ్చిందే అయినా కరిసల్ ఇళ్లలో పగిలిన సిమెంటు తొట్టిలో, పాత పెయింటు డబ్బాలో ఎవరూ పట్టించుకోకుండానే బతుకుతుంది. ఎండాకాలం ఆకు కూడా కనిపించదు. ఒక్క గట్టి వాన పడితే మూడు నాలుగు రోజుల్లో మట్టిలోంచి నేరుగా మొగ్గ లేస్తుంది. ఒకటి లేచిందంటే డబ్బా నిండా లేస్తాయి. గులాబి, తెలుపు, పసుపు మూడూ దొరుకుతాయి. పువ్వు ఆయుష్షు ఒకటి రెండు రోజులు. బకెట్టు నీళ్లు పోసి మోసం చేద్దామంటే అంతగా లొంగదు. ఎండు తర్వాత వాన, ఆ వరస కావాలి దానికి. ఈ ప్రాంతపు వాన లెక్కకు ఇంతకన్నా సరిపోయే పువ్వు నాకు తెలియదు. డే లిల్లీకి పెట్టే శ్రమలో పదోవంతు దీనికి పెట్టినా పూస్తుంది. డబ్బు తక్కువుంటే ముందు ఇదే కొనండి. కొనడం కూడా ఎందుకు, పక్కింటివాళ్లను అడిగితే గుప్పెడు గడ్డలు ఇస్తారు.

తర్వాత కేసరచెట్టు, అంటే క్రైనమ్. మన దేశపుదే. మోకాలెత్తు వెడల్పాటి ఆకులు, రాత్రి వాసన చిమ్మే తెల్లటి పూగుత్తి, మనిషి పిడికిలికన్నా పెద్ద గడ్డ. స్నానాలగది నీళ్లు పారే చోట పెట్టినా కాదనదు. స్పైడర్ లిల్లీ దీని తమ్ముడు. ఈ మూడింటికీ ఒకే శత్రువు. నల్లని ఒంటిమీద ఎర్రని, తెల్లని చుక్కలతో ముచ్చటగా ఉండే గొంగళిపురుగు. వాన వెలిసిన వారంలో గుంపుగా దిగి, ఆకును కొన నుంచి మొదలుదాకా తినేసి గడ్డలోకి దూరుతుంది. మందు కొట్టేకన్నా పొద్దున్నే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వెయ్యడమే నయం. డే లిల్లీ జోలికి ఇది రాదు, అదొక లాభం.

ఇదే పురుగుకు ఇష్టమైన ఇంకో మొక్క గ్లోరియోసా. తెలుగులో అడవినాభి, అగ్నిశిఖ. తమిళంలో సెంగాందళ్, ఆ రాష్ట్రపు అధికారిక పుష్పం. ఆకు కొసలే తీగచుట్టలై కంచెను పట్టుకుని పైకి పాకుతుంది. అంచులు వంకీలు తిరిగిన రేకులు ముందు పసుపుపచ్చగా ఉండి, రోజులు గడిచేకొద్దీ నిప్పురంగుకు మారతాయి. ఒట్టన్‌సత్రం, ధారాపురం వైపు రైతులు దీన్ని పొలాల్లో పందిళ్లమీద పెంచి విత్తనాలు మందుల కంపెనీలకు అమ్ముతారు. ఆ విత్తనాల్లోని కోల్చిసిన్ కీళ్లనొప్పుల మందుకు ముడిసరుకు. అదే కోల్చిసిన్ వల్ల ఈ మొక్క వేరు నుంచి విత్తు దాకా ప్రాణాంతక విషం. గడ్డను చూసి చిలగడదుంపో, కందో అనుకుని తిన్నవాళ్లు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. చైనావాళ్లు డే లిల్లీ మొగ్గ తింటారని చదివి, పేరులో లిల్లీ ఉన్నదల్లా వంటింట్లోకి తెచ్చేవాళ్లకు ఈ ఒక్క మొక్క చాలు గుణపాఠానికి. పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని పెట్టొద్దు.

విష్ణుచిత్తుడి తోట

పూలతోటల విషయంలో విరుదునగర్ జిల్లా మనకు కొత్తేమీ కాదు. తెలుగులో పంచకావ్యాల్లో ఒకటిగా చదువుకున్న ‘ఆముక్తమాల్యద’ కథ నడిచేది ఈ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరులోనే. గుడికి పూమాలలు కట్టే విష్ణుచిత్తుడికి తులసివనంలో పాపగా దొరికింది ఆండాళ్. ఆ చోటని చెప్పే నందనవనం ఇప్పటికీ గుడిపక్కనే ఉంది. కృష్ణదేవరాయలు ఆ కావ్యంలో వేసవినీ వానాకాలాన్నీ వర్ణించిన తీరును పండితులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జిల్లాలో ఒక వేసవి గడిపి, ఐప్పసి వాన చూశాక ఆ పద్యాలు ఇంకోలా వినిపిస్తాయి. ఆండాళ్ కూడా తన నాచ్చియార్ తిరుమొళిలో వానాకాలపు పువ్వులను పేరుపేరునా పిలిచి విరహం చెప్పుకుంది. అందులో కాందళ్ ఉంది. పైన చెప్పిన ఆ విషపుతీగే.

ఆండాళ్ ధరించిన మాల ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల చేరుతుంది. ఆ మాలల్లో డే లిల్లీకి చోటుండదు. కోస్తే సాయంత్రానికి ముడుచుకుపోయే పువ్వు, చాలా రకాలకు వాసన కూడా అంతంతమాత్రం. దేవుడికి పనికిరాని పువ్వుకు ఇంత నీళ్లెందుకని పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమే. మల్లె, తులసి పాదులకు పోగా మిగిలిన నీళ్లనే దీనికివ్వాలని నా అభిప్రాయం. ఆ మిగులుతో బతకగలదు కాబట్టే దీన్ని సిఫారసు చేస్తున్నాను.

కొనేముందు

మన నర్సరీల్లో జోన్ సీనియర్, ఐడాస్ మ్యాజిక్ అని పేరుపెట్టి అమ్మడం అరుదు. పసుపు, నారింజ, ఎరుపు అని రంగు చెప్పి ఇస్తారు. ఆన్‌లైన్‌లో లిల్లీ బల్బులని అమ్మేవి చాలావరకు చలిదేశపు అసలు లిల్లీలు. మైదానంలో ఒకసారి పూసి మరుసటి ఏడు మాయమవుతాయి. డే లిల్లీ అని చెప్పి గుండ్రటి గడ్డ చేతిలో పెడితే అది డే లిల్లీ కాదు. వేళ్లగుత్తి ఉండాలి.

అమెరికా నుంచి వచ్చే కొడుకునో కూతురినో సూట్‌కేసులో నాలుగు పిలకలు వేసుకురమ్మనడం కూడా వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు తేవడం నేరం. తుప్పుతెగులు దేశాలు దాటేది ఇలాంటి పిలకల మీదే.

కాబట్టి మదురై చుట్టుపక్కల మైదానపు నర్సరీకే వెళ్లండి, కొండమీది దుకాణానికి కాదు. పూతకాలంలో పువ్వుల మురిపెం చూసి కాకుండా మార్గళి నెలలో వెళ్లండి. అప్పటికి ఆకు నిగనిగలాడుతున్న తొట్టి ఏదో చూసుకుని, దాని పువ్వు ఏ రంగో తర్వాత అడగండి.